కొండ ఎక్కుతుంటే వెనక్కి తిరిగే క్యాలెండర్

కుమావూ కొండల వైపు వెళ్ళే రైలు పట్టాలు కాఠ్‌గోదామ్‌లో ఆగిపోతాయి. ఢిల్లీలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగుతాం. స్టేషన్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంటుంది. మార్చి రెండో వారంలో అక్కడ దిగిన తెలుగువాళ్ళకు ఆ ఊరి పూలలో కొత్తవేమీ కనిపించవు. ఆకులన్నీ రాల్చేసి ఎర్రటి దొప్పల్లాంటి పూలతో నిలబడిన బూరుగ చెట్టు, అడవి అంచున మోదుగ, రోడ్డు పక్కన లేత ఊదారంగు దేవకాంచనం, అన్నీ మనకు తెలిసినవే. హిమాలయాలు ఇక్కడే మొదలవుతాయని ఎవరైనా చెబితే తప్ప నమ్మబుద్ధి కాదు.

అక్కడి నుంచి నైనితాల్‌కు రోడ్డు మీద 35 కిలోమీటర్లు కూడా ఉండదు. నైనితాల్ చెరువు ఒడ్డు నుంచి పైకి నడిస్తే నైనా శిఖరం వస్తుంది. దాని ఎత్తు 2,600 మీటర్లకు పైమాటే. పొద్దున్నే బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి అక్కడ ఉండగలడు. ఆ కొద్ది గంటల్లో అతను దాటినవి మెలికల రోడ్లు, మెట్ల దారులు మాత్రమే కాదు, దాదాపు రెండు నెలల కాలం కూడా. కింద వసంతం ముగింపుకొస్తుంటే పైన అప్పుడప్పుడే మొదలవుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న ప్రతి ఎత్తులో ఒక్కో వారం నిలబడి ఉంటుంది.

పూల కోసం కొండలెక్కేవాళ్ళలో చాలామంది ఉత్తరాఖండ్ అనగానే జులై, ఆగస్టు నెలల్లో పూసే పూలలోయ గురించే ఆలోచిస్తారు. అది అందమైన చోటే, కాదనను. కానీ దాని కోసం మూడు వేల మీటర్లు దాటి ఎక్కాలి, వానలో నడవాలి. కొండల పాదాల దగ్గర వసంతం అంత గొప్పగా ప్రకటించుకోదు. అయినా ఒక పువ్వు ఎందుకు ఫలానా రోజునే పూస్తుందో అర్థం చేసుకోవాలంటే దీనికంటే మంచి ప్రయోగశాల దొరకదు.

వంద మీటర్లకు మూడు రోజులు

ఎత్తుకు వెళ్ళేకొద్దీ చలి పెరుగుతుందని అందరికీ తెలుసు. పైకి లేచే గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ పనికి తన లోపలి వేడినే ఖర్చు చేసి చల్లబడుతుంది. పూర్తిగా పొడి గాలి అయితే కిలోమీటరుకు 9.8 డిగ్రీలు చల్లబడాలి. తేమ ఉన్న గాలిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి తగ్గుదల నెమ్మదిస్తుంది. మొత్తం మీద సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు అని లెక్క వేసుకుంటాం. కాఠ్‌గోదామ్‌కూ నైనా శిఖరానికీ మధ్య రెండు కిలోమీటర్ల తేడా ఉంది, అంటే సుమారు 13 డిగ్రీలు.

దీన్ని రోజుల్లోకి మార్చే ప్రయత్నం అమెరికాలో ఆండ్రూ డెల్మార్ హాప్కిన్స్ అనే కీటక శాస్త్రవేత్త చేశాడు. 1918లో ఆయన ఒక సూత్రం ప్రకటించాడు. వసంతంలో ఒక డిగ్రీ అక్షాంశం ఉత్తరానికి వెళ్ళినా, 400 అడుగులు పైకి ఎక్కినా, మొక్కల పనులు నాలుగు రోజులు ఆలస్యమవుతాయని దాని సారం. మన కొలతల్లో చెప్పాలంటే వంద మీటర్లకు రెండు రోజులు దాటి మూడున్నర రోజుల లోపు, స్థూలంగా మూడు రోజులు. రెండు వేల మీటర్లకు రెండు నెలల పైచిలుకు వస్తుంది.

హాప్కిన్స్ ఈ లెక్కను అమెరికా తూర్పు ప్రాంతాల అనుభవంతో కట్టాడు. హిమాలయాల్లో అది అచ్చంగా పనిచేయదు. ఇక్కడ శీతాకాలపు రాత్రుల్లో చల్లటి బరువైన గాలి వాలు మీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే కొన్ని లోయల్లో మంచు పేరుకున్న తెల్లవారుజామున, రెండు వందల మీటర్ల పైన ఉన్న ఊరు వెచ్చగా ఉంటుంది. అయినా నడిచేవాడి జేబులో ఉంచుకోవడానికి ఈ సూత్రం చాలు. ఫోనులోని జీపీఎస్ ఎత్తు చెప్పడంలో ముప్పై మీటర్లు తప్పినా, పూల లెక్కలో పోయేది ఒక్క రోజే.

ఎత్తు కన్నా పెద్ద మాయ చేసేది వాలు ఏ దిక్కు చూస్తోందన్న సంగతి. నైనితాల్ దాదాపు 29.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి 20 ప్రాంతంలో అక్కడ మధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రం నుంచి సుమారు 60 డిగ్రీల ఎత్తున ఉంటాడు. దక్షిణం వైపు 30 డిగ్రీలు వాలిన నేల మీద ఆ ఎండ దాదాపు నిట్టనిలువుగా పడుతుంది. అదే కొండకు వెనకవైపు, ఉత్తరం చూసే అంతే వాలు మీద ఏటవాలుగా పడి, అదే చదరపు మీటరుకు సగం మాత్రమే అందుతుంది. కొండ కొమ్మును దాటితే పది అడుగుల్లో ఎండ సగమైపోతుంది! తేమ ఎక్కువసేపు నిలిచే ఉత్తరపు వాలున బాంజ్ అనే ఓక్ చెట్ల అడవి, ఎండిపోయే దక్షిణపు వాలున చీడ్ పైన్ చెట్లు పెరగడానికి పెద్ద కారణం ఇదే. ఒకే కొండకు రెండు క్యాలెండర్లు అన్నమాట.

దారిలో ఎదురయ్యేవి

వెయ్యి మీటర్లు దాటాక మనకు తెలిసిన పూలు ఒక్కొక్కటిగా వెనకబడతాయి. రాతి గోడల పగుళ్ళలో, తడి బండల అంచున పసుపు పచ్చగా మెరిసేది ఫ్యూంలీ. శాస్త్రీయ నామం రైన్‌వార్డ్షియా ఇండికా, అవిసె కుటుంబం. రేకు ముట్టుకుంటే జారిపోయేంత పలుచన. అత్తవారింట్లో పుట్టింటి బెంగతో చనిపోయిన అమ్మాయి ఈ పువ్వై పూసిందని గఢ్వాల్‌లో ఒక కథ చెప్పుకుంటారు.

ఇంకొంచెం పైన పండ్ల తోటలుంటాయి. రామ్‌గఢ్, ముక్తేశ్వర్ ప్రాంతాల్లో మార్చిలో పీచ్, ప్లమ్, ఆప్రికాట్ చెట్లు ఆకు లేకుండా గులాబీ, తెలుపు రంగుల్లో నిండిపోతాయి. పొలాల గట్ల మీద మెహల్ అనే అడవి పియర్ తెల్లగా పూస్తుంది. ముళ్ళ పొదల్లో కిల్‌మోడా పసుపు గుత్తులు, హిసాలు తెల్లపూలు కనిపిస్తాయి. ఈ రెండింటి పళ్ళ కోసం తర్వాత పిల్లలూ పిట్టలూ పోటీ పడతారు. నేల మీద వంగి చూస్తే గోరంత ఊదా పూలు, అవి వయోలాలు. చాలామంది వాటిని తొక్కుకుంటూ పోతారు, ఎందుకంటే అప్పటికే వాళ్ళ కళ్ళు పైకి, ఎర్రటి చెట్ల వైపు తిరిగి ఉంటాయి.

ఆ ఎర్రటి చెట్టు బురాంశ్. రోడోడెండ్రాన్ ఆర్బోరియం. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం, నేపాల్ జాతీయ పుష్పం. స్థూలంగా 1,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల పైదాకా బాంజ్ చెట్ల మధ్య పెరుగుతుంది. 1796లో థామస్ హార్డ్‌విక్ అనే ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ గఢ్వాల్ శ్రీనగర్‌కు వెళ్తూ దీన్ని చూసి రాశాడు. 1805లో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ దీనికి ఇప్పటి శాస్త్రీయ నామం పెట్టాడు. మన దక్షిణాదిలోనూ దీని ఉపజాతి ఒకటి ఉంది. నీలగిరుల్లో ఊటీ చుట్టుపక్కల షోలా అడవుల అంచున ఎర్రగా పూసేది అదే. మధ్యలో రెండు వేల కిలోమీటర్ల మైదానం దాటి అది అక్కడికి ఎలా చేరిందన్నది వేరే పెద్ద కథ.

ఒక గుత్తిని దగ్గరగా చూడండి. పదిహేను, ఇరవై పూలు ఒకే తలలా కట్టి ఉంటాయి. ఒక్కోటీ ఐదు రేకులు కలిసిన గంట, లోపల పది కేసరాలు, అడుగున ముదురు రంగు తేనె గుంటలు. వాసన లేదు. వాసన లేకపోవడమూ ఎరుపు రంగూ కలిసి ఈ పువ్వు ఎవరి కోసం పూసిందో చెప్పేస్తాయి. తేనెటీగ కంట్లో అతినీలలోహిత, నీలం, ఆకుపచ్చ కాంతిని పట్టే గ్రాహకాలే ఉన్నాయి. మనకు మండిపోతున్నట్టు కనబడే ఈ ఎరుపు దానికి దాదాపు నలుపే. పక్షులు ఎరుపును బాగా చూస్తాయి, వాసనను పెద్దగా పట్టించుకోవు. తేనెపిట్టలు వచ్చి తల లోపలికి దూర్చి తాగుతాయి, పుప్పొడి నుదుటికి అంటుకుంటుంది. ఆ పుప్పొడి కూడా మామూలుగా రాలదు. కేసరం కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి జిగురు దారాలతో అతుక్కుని, మాలలా బయటికి వస్తుంది. ఒక్క పిట్ట తాకితే చాలు, దండలు దండలుగా వెళ్తుంది. తేనెటీగలూ వస్తాయి లెండి, తేనె ఉన్న చోటికి ఎవరు రారు? కానీ ఈ దుకాణం బోర్డు మాత్రం పక్షుల కోసం రాసింది.

జనవరిలో పూసిన పువ్వు

కొన్నేళ్ళుగా ఉత్తరాఖండ్ పత్రికల్లో ఏటా ఒక వార్త వస్తోంది. జనవరిలోనే బురాంశ్ పూసింది అని ఒక ఫొటో, వాతావరణ మార్పు అని ఒక శీర్షిక. చూసినప్పుడల్లా నాకు ముందు వచ్చే ప్రశ్నలు రెండే. ఎంత ఎత్తులో? ఏ దిక్కు వాలు మీద? 1,500 మీటర్ల దగ్గర, ఎండ బాగా తగిలే దక్షిణపు వాలున ఉన్న చెట్టు, 2,500 మీటర్ల ఉత్తరపు వాలున ఉన్న చెట్టు కన్నా నెల రోజులు ముందు పూస్తే అందులో వింత లేదు. పైగా ఏ అడవిలోనైనా కాలం తప్పి పూసే చెట్టు ఒకటో రెండో ఉంటాయి. ఒక్క ఫొటో ఏదీ రుజువు చేయదు.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. కొండలు వేడెక్కుతున్నాయి. 2023-24 శీతాకాలంలో జనవరి దాదాపు ఎండిపోయింది. మధ్యధరా వైపు నుంచి వచ్చి ఇక్కడ మంచు కురిపించే పశ్చిమ కల్లోలాలు బలహీనపడి, స్కీయింగ్‌కు పేరుపొందిన వాలులు సైతం బోడిగా కనిపించాయి. అలాంటి ఏడాది పూలు ఏం చేస్తాయి? ముందే పూస్తాయి అన్న జవాబు తేలిక. నిజం కొంచెం మెలిక తిరిగి ఉంది.

బురాంశ్ మొగ్గ వసంతంలో తయారవదు. ముందు ఏడాది పూలు రాలాక, వేసవి నుంచి శరదృతువు దాకా కొమ్మ చివర కట్టుకుంటుంది. తర్వాత నిద్రపోతుంది. ఆ నిద్ర లేవాలంటే దానికి తగినంత చలి అందాలి, చలి కోటా పూర్తయ్యాక తగినంత వేడి అందాలి. మొదటిది లేకుండా రెండోది ఎంత ఇచ్చినా సరిగా పని చేయదు. అకాలంగా డిసెంబరులో వచ్చే నాలుగు వెచ్చటి రోజులను నమ్మి మోసపోకుండా చాలా చల్లటి ప్రాంతాల మొక్కలు చేసుకున్న ఏర్పాటు ఇది. ఆపిల్ రైతులకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు ఏడాది మొత్తం వేడెక్కితే ఏమవుతుంది? వసంతపు వేడి పూతను ముందుకు తోస్తుంది. వెచ్చటి శరదృతువు చలి కోటాను ఆలస్యం చేసి పూతను వెనక్కి లాగుతుంది. ఇది ఊహ మాత్రమే కాదు. హిమాలయాల తూర్పు కొసన, చైనాలోని యున్నాన్‌లో యూలాంగ్ పర్వతం నుంచి శతాబ్దానికి పైగా సేకరించిన రోడోడెండ్రాన్ నమూనాలను, పదివేలకు పైగా ఎండబెట్టిన కొమ్మలను, పరిశోధకులు పరిశీలించారు. ఏటి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పూత సుమారు 2.3 రోజులు ముందుకు జరిగింది. శరదృతువు ఒక డిగ్రీ వెచ్చబడితే సుమారు 2.5 రోజులు వెనక్కి జరిగింది. అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో 2014లో వచ్చిన ఈ అధ్యయనం చదివాక జనవరి ఫొటోలను చూసే తీరు మారిపోతుంది. పూత తేదీ కదలకపోయినా లోపల రెండు శక్తులు తాడు లాగుతూ ఉండొచ్చు. ఏదో ఒక ఏడాది ఒకవైపు పట్టు జారితే తేదీ ఒక్కసారిగా కదలొచ్చు.

కదిలితే నష్టం ఎవరికి? ముందుగా పువ్వుకే. ఫిబ్రవరిలో తొందరపడి విచ్చుకున్న గంటలు మార్చి వడగళ్ళకు చిల్లులు పడతాయి. తర్వాత పక్షులకు. కొండల్లోని తేనెపిట్టలు చలికాలం కిందికి దిగి, వసంతంలో ఎక్కుతాయి. అవి పైకి చేరేసరికి తేనె అయిపోతే రెండు పక్షాలకూ లాభం లేదు. ఆ తర్వాత మనుషులకు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రేకులు ఏరి షర్బత్ చేసి అమ్ముకోవడం కొండ ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకు ఆదాయం. పూత ఒకేసారి రాకుండా విడివిడిగా వస్తే ఏరడం కూలికి గిట్టదు. రాలిన, విడిన పూలు ఏరితే చెట్టుకు ఇబ్బంది లేదు. గుత్తి కోసం కొమ్మనే విరిస్తే మాత్రం వచ్చే ఏడాది మొగ్గ కట్టాల్సిన చోటు పోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది, అదే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. కిలోమీటరుకు 6.5 డిగ్రీలంటే, ఒక డిగ్రీ వేడెక్కడం కొండను 150 మీటర్లు కిందికి దించడంతో సమానం. పాత చల్లదనం కావాలంటే మొక్క అంత పైకి జరగాలి. పెద్ద హిమాలయాల్లో పైన చోటుంది. బయటి కొండల్లో లేదు. నైనితాల్ చుట్టూ నైనా శిఖరం కన్నా ఎత్తైనది లేదు. అల్మోడా దగ్గరి బిన్సర్ సుమారు 2,400 మీటర్ల దగ్గర ముగుస్తుంది. ఆ కొమ్ముల మీద ఉన్న బురాంశ్ అడవి ఇప్పటికే చివరి మెట్టు మీద ఉంది.

మంట మరో బెంగ. ఉత్తరాఖండ్‌లో అటవీ శాఖ లెక్కలో మంటల కాలం ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు. అంటే పూల కాలమంతా అందులోనే. చీడ్ పైన్ సూదులు నేల మీద మందంగా పరుచుకుని, రెసిన్ వల్ల పెట్రోలులా అంటుకుంటాయి. 2024 జూన్‌లో బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పబోయిన అటవీ సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానలు లేని శీతాకాలం తర్వాత ఆ అడవిలో నడిచేటప్పుడు కాలి కింద ఆకుల చప్పుడు వింటే చాలు, ఎంత ఎండిపోయిందో తెలుస్తుంది.

గడప మీద పూలు

మనకు లేనిది పాత లెక్క. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు రాజుల, సాధువుల డైరీల పుణ్యమా అని 9వ శతాబ్దం నుంచీ దొరుకుతాయి. అందువల్లే 2021లో మార్చి 26న నిండుగా పూసినప్పుడు, పన్నెండు వందల ఏళ్ళలో అదే అన్నిటికన్నా ముందని చెప్పగలిగారు. కుమావూ విషయంలో అలాంటి వరుస లేదు. రిచర్డ్ స్ట్రాచీ, వింటర్‌బాటమ్ 1846-49 మధ్య ఇక్కడ రెండు వేల జాతుల దాకా సేకరించారు. దేహ్రాదూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ హెర్బేరియంలో లక్షల నమూనాలున్నాయి. ప్రతి కాగితం మీద తేదీ, చోటు ఉంటాయి. యున్నాన్‌లో చేసిన పని ఇక్కడా చేయొచ్చు.

ఊళ్ళలో ఇంకో రికార్డు ఉంది, ఎవరూ రికార్డు అనుకోనిది. మార్చి మధ్యలో, సూర్యుడు మీన రాశిలోకి వచ్చే రోజున, ఉత్తరాఖండ్ పిల్లలు ఫూల్ దేయి జరుపుకుంటారు. తెల్లవారుజామునే పూలు కోసుకొచ్చి ఇంటింటి గడప మీద చల్లుతారు, ఇంటివాళ్ళు బియ్యం, బెల్లం, చిల్లర ఇస్తారు. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎలాగో, వాళ్ళ బుట్టలో ఫ్యూంలీ, బురాంశ్, పీచ్ పూలు అలాగ. తేడా ఏమిటంటే, ఉగాది చంద్రుడిని బట్టి నెల రోజుల వెడల్పులో అటూ ఇటూ జరుగుతుంది, ఫూల్ దేయి సూర్యుడిని బట్టి దాదాపు ఒకే రోజున వస్తుంది. ఏటా ఒకే రోజున, ఒకే ఊళ్ళో, ఏ పూలు దొరికాయో తెలిపే బుట్ట కన్నా మంచి సర్వే ఎవరు చేస్తారు? యాభై ఏళ్ళ కిందట మీ బుట్టలో ఏ పూలుండేవని అక్కడి అమ్మమ్మలను ఎవరైనా కూర్చుని అడగాలి.

ఫిజిక్సు చదివిన బుద్ధి ఊరుకోదు కాబట్టి ఇంకొక్క మాట. ఈ సంక్రాంతి నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాదిది, రుతువులను బట్టి లెక్కించే ఏడాది కన్నా అది 20 నిమిషాలు ఎక్కువ. అందుకే పండుగ రుతువుతో పోలిస్తే సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ముందుకు, వేసవి వైపు జరుగుతోంది. పూత వెనక్కి, శీతాకాలం వైపు జరిగితే రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. పండుగ జరిగే వేగం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. పూల వేగమెంతో కొలవాల్సి ఉంది.

కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే సీజన్‌వాచ్‌లో దేశంలో ఎవరైనా ఒక చెట్టును ఎంచుకుని వారం వారం ఆకు, పువ్వు, కాయ వివరాలు నమోదు చేయొచ్చు. దారిన పోయే ఫొటోలకు ఐనాచురలిస్ట్ ఉంది. కొండకు వెళ్ళినప్పుడు ఫొటోతో పాటు నాలుగు సంగతులు రాసుకుంటే చాలు: తేదీ, ఎత్తు, వాలు ఏ దిక్కున ఉంది, మొగ్గలు ఎన్ని, విచ్చినవి ఎన్ని, రాలినవి ఎన్ని అన్న సుమారు అంచనా. పూయని చెట్టును కూడా రాయండి. అందరూ పూసినదాన్నే ఫొటో తీస్తారు కాబట్టి పూయని చెట్ల సమాచారమే అన్నిటికన్నా తక్కువ దొరికేది.

వెళ్ళదలచుకున్నవారికి మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం మంచి సమయం. ఉన్ని స్వెటరు, వాన కోటు రెండూ ఉండాలి, మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్ళు మామూలే. చిరుతలున్న అడవులు, చీకటి పడకముందే దిగిపోవాలి. గైడు చెప్పనిదే ఏ పువ్వూ నోట్లో పెట్టుకోకండి. బురాంశ్ రేకులు తింటారు గానీ, దాని చుట్టాల్లో కొన్ని విషపూరితం. ఒక్క రోజే ఉంటే బిన్సర్ చాలు, రెండు రోజులుంటే కాఠ్‌గోదామ్ దగ్గర బూరుగ చెట్టుతో మొదలుపెట్టి నైనా శిఖరం దాకా వెళ్ళండి. ఆ వారం పైన మొగ్గలింకా బిగుసుకునే ఉంటే నిరాశపడి తిరిగి రాకుండా, మూడు వందల మీటర్లు కిందికి దిగి చూడండి. అక్కడ పది రోజుల తర్వాతి తేదీ నడుస్తూ ఉంటుంది.